మూడు పర్ణశాలల పొరపాటు

మత్తయి సువార్త పదిహేడవ అధ్యాయంలో పేతురు అన్న మాటను మనం అమాయకత్వం కింద జమకట్టి ముందుకు వెళ్ళిపోతాం. ఎత్తయిన కొండ మీద ప్రభువు రూపం మారింది. ముఖం సూర్యుడిలా వెలిగింది. ధర్మశాస్త్రం ఇచ్చిన మోషే ఒక పక్క, ప్రవక్తలందరికీ పెద్ద దిక్కయిన ఏలీయా ఒక పక్క నిలబడి ఆయనతో మాట్లాడుతున్నారు. పేతురుకు నోరాగలేదు. ప్రభువుకొకటి, మోషేకొకటి, ఏలీయాకొకటి, మొత్తం మూడు పర్ణశాలలు కడతానన్నాడు. లూకా ఈ సంగతి రాస్తూ, తానేమంటున్నాడో పేతురుకే తెలియలేదని ఒక చురక కూడా అంటించాడు.

అందులో తప్పేముంది? పేతురు క్రీస్తును కాదనలేదు, తక్కువ చేసి మాట్లాడలేదు. మొదటి పర్ణశాల ఆయనకే అన్నాడు. పక్కన పెట్టినవాళ్ళు కూడా సామాన్యులు కారు, దేవుడే పంపినవాళ్ళు. తప్పల్లా ముగ్గురినీ ఒకే వరసలో నిలబెట్టడంలో ఉంది. మాట ఇంకా పూర్తికాకముందే మేఘం కమ్మింది. ఈ కుమారుడి మాట వినమని స్వరం వచ్చింది. శిష్యులు భయంతో బోర్లపడ్డారు. ఆయన వచ్చి, తట్టి లేపితే కళ్ళెత్తి చూశారు. యేసు ఒక్కడే ఉన్నాడు.

ఆగస్టు 6న చాలా సంఘాలు ఈ ఘట్టాన్ని రూపాంతర పండుగగా ఆచరిస్తాయి. మన తెలుగు సంఘాల్లో దానికి పెద్దగా సందడి ఉండదు. ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఎందుకంటే పేతురు చేసిన పొరపాటే సంఘచరిత్ర పొడుగునా మళ్ళీ మళ్ళీ జరిగింది. క్రీస్తును గెంటేసిన సంఘాలు తక్కువ. ఆయన పక్కన ఇంకో రెండు పర్ణశాలలు వేసిన సంఘాలు లెక్కలేనన్ని.

అలాంటి సంఘం ఒకటి కొలొస్సయిలో ఉండేది. ఇప్పటి పశ్చిమ తుర్కియేలో, దెనిజ్లి నగరం చుట్టుపట్ల, లైకస్ నది లోయలో మూడు పట్టణాలు దగ్గరదగ్గరగా ఉండేవి: కొలొస్సయి, లవొదికయ, హియెరాపొలి. తెల్లని సున్నపు మెట్ల మీద వేడినీళ్ళు జారే పాముక్కలే కొండను చూడటానికి ఇవాళ పర్యాటకులు వెళుతున్నారే, ఆ కొండ మీదిదే హియెరాపొలి. లవొదికయ డబ్బున్న ఊరు. క్రీస్తుశకం 60 ప్రాంతంలో భూకంపం వచ్చి కూలిపోతే రోము చక్రవర్తి సాయం తీసుకోకుండా సొంత సొమ్ముతో మళ్ళీ కట్టుకుందని టాసిటస్ రాశాడు. ఈ రెంటి ముందు కొలొస్సయి అప్పటికే వెలతెలబోతున్న చిన్న ఊరు. నేడు హోనాజ్ దగ్గర ఒక మట్టిదిబ్బ.

ఈ ఊరి విశ్వాసుల ముఖం పౌలు చూడలేదు. అక్కడ సువార్త చెప్పింది ఎపఫ్రా, ఆ ఊరివాడే. అతనే చెరసాలలో ఉన్న పౌలుకు సంఘం సంగతులు మోసుకొచ్చాడు. వాళ్ళు క్రీస్తును వదల్లేదు, ప్రేమ ఉంది, నిరీక్షణ ఉంది. కానీ ఎవరో వచ్చి ఇంకొంచెం కలిపారు. ఫలానాది తినకూడదు, ఫలానాది ముట్టకూడదు, అమావాస్య పాటించాలి, విశ్రాంతి దినం పాటించాలి, దేవదూతలకు తగిన గౌరవం ఇవ్వాలి, దర్శనాలు చూసినవాళ్ళ మాట వినాలి. ఈ బోధ సరిగ్గా ఎక్కడినుంచి వచ్చిందో పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. యూదుల ఆచారమూ ఫ్రుగియ ప్రాంతపు భక్తీ కలగలిసినట్టు కనబడుతుంది. దాని సారం మాత్రం స్పష్టం: క్రీస్తు కావాలి, కానీ ఆయన ఒక్కడూ చాలడు.

పౌలు జవాబు రాసిన తీరు గమనించదగ్గది. దుర్బోధను ఎండగట్టడం రెండో అధ్యాయం దాకా మొదలుపెట్టలేదు. ముందు కృతజ్ఞత చెప్పాడు, వాళ్ళ కోసం ప్రార్థించాడు. తరవాత మొదటి అధ్యాయం పదిహేనో వచనం దగ్గర ఒక్కసారిగా స్వరం పెంచి క్రీస్తును గురించి ఒక కీర్తనలాంటిది అందుకున్నాడు. కంటికి కనబడని దేవుడి స్వరూపం ఆయన. ఆకాశంలో, భూమి మీద, కనబడేవీ కనబడనివీ, సింహాసనాలూ అధికారాలూ అన్నీ ఆయన ద్వారా, ఆయన కోసమే పుట్టాయి. అన్నీ ఆయనలోనే నిలిచి ఉన్నాయి. ఆ తరవాత గానీ ఆ కొత్త బోధకుల సంగతికి రాలేదు. వచ్చాక వాళ్ళ గురించి ఒక్క మాటలో తేల్చేశాడు: వాళ్ళు శిరస్సును పట్టుకుని లేరు. మిగతా చర్చంతా దానికి వివరణే. నేటి మన ప్రసంగాల్లో దుర్బోధల మీద గంటసేపు విరుచుకుపడి, చివర్లో ఐదు నిమిషాలు క్రీస్తును ప్రస్తావించే పద్ధతికి ఇది పూర్తిగా తలకిందులు.

దేవుడు ఇచ్చినదే దేవుడి చోటును ఆక్రమించడం ఎలా జరుగుతుందో పాత నిబంధన ఒక చిన్న ఉదంతంలో చెబుతుంది. అరణ్యంలో పాముకాట్లకు జనం చచ్చిపోతుంటే మోషే ఇత్తడి సర్పం చేసి స్తంభం మీద పెట్టాడు. చూసినవాళ్ళు బతికారు. అది మోషే కల్పన కాదు, దేవుడి ఆజ్ఞ. సంఖ్యాకాండం ఇరవై ఒకటో అధ్యాయం ఆ కథ. తరాలు గడిచాయి. రాజుల రెండో గ్రంథం పద్దెనిమిదో అధ్యాయానికి వచ్చేసరికి ఇశ్రాయేలీయులు ఆ సర్పానికి ధూపం వేస్తున్నారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. ఊరికి మేలు చేసిన పురాతన వస్తువు, పైగా మోషే చేతిది. పగలగొట్టడానికి ఎంత గుండె కావాలి! ఆనాటి పెద్దలు కొందరైనా రాజు నాస్తికుడైపోయాడని గుసగుసలాడుకునే ఉంటారు. యేసు మాత్రం నికొదేముతో మాట్లాడుతూ, ఆ సర్పం ఎత్తబడినట్టే తానూ ఎత్తబడాలని చెప్పాడు. అంటే దాని అసలు పని అప్పుడు పూర్తయింది. అది ఎవరి వైపు వేలు చూపిందో ఆయనే వచ్చాడు.

మన మధ్య ఇత్తడి సర్పాలు లేవనుకోవడం తొందరపాటే. ప్రార్థన చేసిన నూనె సీసాలు, రుమాళ్ళు ఉన్నాయి. యాకోబు పత్రికలో పెద్దలు రోగికి నూనె రాసి ప్రార్థించమని ఉంది, కాదనను. కానీ ఫలానా ఆయన ప్రార్థించిన నూనే పనిచేస్తుంది, పక్కవీధి సంఘంలోది చేయదు అని విశ్వాసి నమ్మడం మొదలుపెట్టిన రోజున ఆ సీసా ముందు ధూపం లేచినట్టే. పట్టణాల కూడళ్ళలో మహాసభల ఫ్లెక్సీలు చూడండి. మధ్యలో నిలువెత్తు దైవసేవకుడు, పక్కన అమ్మగారు, చుట్టూ గుండ్రని చట్రాల్లో మిగతా సేవకులు. కింద మూలన చిన్న అక్షరాల్లో ఒక వాక్యం. ఆ వాక్యంలో ఎక్కడో ప్రభువు పేరు. నేను వెక్కిరింపుగా చెప్పడం లేదు, అవి అచ్చువేయించిన వాళ్ళలో చాలామంది నిజమైన ప్రార్థనాపరులని తెలుసు. కానీ బొమ్మ అబద్ధం చెప్పదు. మధ్యలో ఎవరున్నారో అది చెప్పేస్తుంది. కొరింథులో పౌలువాళ్ళం, అపొల్లోవాళ్ళం అని చీలిపోయినప్పుడు పౌలు తన వర్గాన్ని ముందు గద్దించాడు. మీకోసం సిలువ వేయబడింది పౌలా అని అడిగాడు.

డిసెంబరు 31 రాత్రి సంగతి కూడా చెప్పుకోవాలి. అర్ధరాత్రి ఆరాధన అయ్యాక పళ్ళెంలోంచి తలా ఒక వాగ్దాన కార్డు తీసుకోవడం మన సంఘాల్లో ఎంతో ఇష్టంగా జరిగే పని. ఏ వాక్యం వస్తుందోనని పిల్లలూ ముసలివాళ్ళూ ఒకే ఆత్రంతో చూస్తారు. ఆ కార్డును ఏడాదంతా బైబిల్లో దాచుకున్న తల్లుల విశ్వాసాన్ని తక్కువ చేసే అర్హత ఎవరికీ లేదు. అయితే ఆ కార్డుల మీద తరచూ కనబడే యిర్మీయా ఇరవై తొమ్మిదో అధ్యాయం పదకొండో వచనాన్ని దాని చోట పెట్టి చదివితే సంగతి వేరు. అది బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్ళకు రాసిన ఉత్తరం. పై వచనంలోనే డెబ్బై ఏళ్ళ లెక్క ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి యెరూషలేము చూడకుండానే పోయారన్నమాట. కార్డు మీద డెబ్బై ఏళ్ళు అచ్చు కావు. చెర అచ్చు కాదు. మేలు మాత్రమే అచ్చవుతుంది. పౌలు కొరింథీయులకు రెండోసారి రాస్తూ దేవుడి వాగ్దానాలు ఎన్ని ఉన్నా వాటికి ఔను అనే జవాబు క్రీస్తులోనే ఉందంటాడు. అంటే వాగ్దానం మనల్ని ఆయన దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆయన్ని పక్కన పెట్టి వాగ్దానాన్ని మాత్రం పట్టుకుంటే చేతిలో మిగిలేది ఒక శకునం చీటీ.

ఇంతవరకూ చెప్పినవి పైకి కనబడేవి. లోపలి సంగతి ఇంకా కష్టం. క్రీస్తును కేంద్రంలో ఉంచుకోవడం అంటే ఆయనకు మొదటి స్థానం ఇవ్వడం అని మనం సాధారణంగా అర్థం చేసుకుంటాం. ముందు దేవుడు, తరవాత కుటుంబం, తరవాత ఉద్యోగం, ఆ తరవాత సేవ. వినడానికి చక్కగా ఉంటుంది. ఈ జాబితాలో ఒక చిక్కుంది. మొదటి స్థానం ఇచ్చేశాక రెండో స్థానంలోకి ఆయన రానక్కర్లేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంటసేపు కన్నీళ్ళతో ప్రార్థించిన మనిషి తొమ్మిదింటికి దుకాణం తెరిచి తూకంలో మోసం చేయగలడు. ఆయన తన లెక్కలో ప్రభువుకు అన్యాయం చేయలేదు. మొదటి గంట ఇచ్చేశాడు కదా!

కచేరీలో తంబురా శ్రుతి సంగతి చూడండి. అది మొదటి కీర్తన కాదు, రెండో కీర్తనా కాదు. కార్యక్రమ పట్టికలో దాని పేరే ఉండదు. గాయకుడు రాగం మారుస్తాడు, తాళం మారుస్తాడు, స్వరకల్పనలో ఎటో వెళ్ళిపోతాడు. అది మాత్రం అడుగున మోగుతూనే ఉంటుంది, ప్రతి స్వరమూ దాన్నిబట్టే సరైనదో అపస్వరమో తేలుతుంది. పౌలు కొలొస్సయివాళ్ళకు చెప్పిన మధ్యస్థానం అలాంటిది. మాట చెప్పినా పని చేసినా, ఏం చేసినా ప్రభువైన యేసు పేరున చేయమన్నాడు మూడో అధ్యాయంలో. ఆ ఏం చేసినా అన్నదాంట్లో ప్రార్థనతోపాటు తూకం కూడా వచ్చేసింది.

మరి మధ్యలో ఉన్నది ఎలాంటి క్రీస్తు? ఈ ప్రశ్న దాటవేస్తే ఎంత క్రీస్తు కేంద్రం అన్నా లాభం లేదు. మొదటి అధ్యాయపు ఆ కీర్తన ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూడండి. సృష్టి కంటే ముందున్నవాడితో మొదలవుతుంది. కనబడని లోకాల అధికారాలన్నీ ఆయన పాదాల దగ్గరికి వస్తాయి. సంఘానికి శిరస్సు, మృతుల్లోంచి మొదట లేచినవాడు అని పైపైకి వెళుతుంది. ఇరవయ్యో వచనం దగ్గర ఒక్కసారి నేలకు దిగుతుంది: సిలువ మీద కారిన రక్తం. సమస్తాన్నీ సమాధానపరచింది అదే అంటాడు పౌలు. రోము సామ్రాజ్యంలో బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే శిక్ష అది, మర్యాదస్తులు భోజనాల దగ్గర ఎత్తకూడని మాట. విశ్వానికి ఇరుసు అక్కడ ఉందట.

కాబట్టి మధ్యలో సింహాసనం ఒక్కటే పెట్టి సిలువను గోడకు తగిలిస్తే అక్కడున్నది పౌలు చెప్పిన క్రీస్తు కాదు. గెలిపించే క్రీస్తు, వీసా ఇప్పించే క్రీస్తు, శత్రువుల్ని సిగ్గుపరిచే క్రీస్తు మనకు బాగా కావాలి. కొత్త పాటలు వినండి. చాలావాటిలో నేను, నాకు, నా కన్నీరు, నా శత్రువు, నా విజయం. ప్రభువు ఆ కథలో సహాయ పాత్ర. అన్నీ అలా కావు, కొన్ని కొత్త పాటలు కళ్ళు చెమర్చేలా ఉన్నాయి. అయినా పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరిగారి వంటివారు రాసిన కీర్తనలు పాడుకున్న తరానికి, ఇప్పటి తరానికి పాట మధ్యలో నిలబడినవాడు మారాడన్న అనుమానం నన్ను వదలదు. కీర్తనల గ్రంథంలోనూ నేను, నా అన్న మాటలు ఉన్నాయి కదా అని ఎవరైనా అడగొచ్చు. ఉన్నాయి. కానీ అక్కడ మొర పెట్టుకున్నవాడు చివరికి తన్ను తాను మరచిపోయి దేవుణ్ణి చూస్తాడు. ఆ మరచిపోవడం దగ్గరే ఉంది తేడా.

ఇప్పుడు కొలొస్సయిలో ఆ ఉత్తరం చదివిన గదిలోకి వెళదాం. అప్పట్లో మందిరాలు లేవు, ఇళ్ళలో కూడుకునేవారు. ఆ ఊళ్ళో ఫిలేమోను ఇంట్లో ఒక సంఘం ఉండేది. ఉత్తరం పట్టుకొచ్చినవాళ్ళు ఇద్దరు, తుకికు, ఒనేసిము. ఒనేసిము ఎవరో ఊరందరికీ తెలుసు. ఫిలేమోను దాసుడు. యజమాని దగ్గర నుంచి వెళ్ళిపోయి, బహుశా నష్టం కూడా చేసి, పౌలు దగ్గరికి చేరి విశ్వాసి అయ్యాడు. ఇప్పుడు తిరిగొచ్చాడు. అతని చేతిలో, లేదా తుకికు చేతిలో, ఫిలేమోనుకు విడిగా మరో చిన్న ఉత్తరం ఉంది. ఈ రెండు ఉత్తరాలూ ఒకే ప్రయాణంలో వచ్చాయని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం.

ఆ దృశ్యాన్ని కాస్త ఊహించుకోండి. సింహాసనాలూ ప్రభుత్వాలూ ఆయన కోసమే పుట్టాయని చదువుతున్నారు. యజమాని వింటున్నాడు. పారిపోయిన దాసుడు గుమ్మం పక్కన నిలబడి వింటున్నాడు. మూడో అధ్యాయం వచ్చింది: ఇక్కడ గ్రీసు దేశస్థుడని, యూదుడని, దాసుడని, స్వతంత్రుడని లేదు, అందరిలోనూ అంతా క్రీస్తే. అందరి చూపులూ ఎటు తిరిగి ఉంటాయి? నాలుగో అధ్యాయం మొదటి వచనం: యజమానులారా, మీ దాసులకు న్యాయం చేయండి, మీకూ పరలోకంలో ఒక యజమాని ఉన్నాడు. తొమ్మిదో వచనంలో అదే ఒనేసిమును పేరుపెట్టి, నమ్మకమైన ప్రియ సహోదరుడు, మీలో ఒకడు అన్నాడు. నక్షత్రాల దాకా వెళ్ళిన సిద్ధాంతం ఆ గదిలో ఒక మనిషి మరో మనిషి ముఖం చూడగలడా లేదా అన్న దగ్గరికి వచ్చి ఆగింది.

పౌలు దాస్యాన్ని రద్దు చేయమని రాయలేదు. ఆ నింద ఆయన మీద ఉంది, న్యాయమైన నిందే. ఈ ఉత్తరంలోనే దాసులు యజమానులకు లోబడాలని కూడా రాశాడు, ఆ మాటల్ని తరవాతి కాలపు బానిస యజమానులు తమ వ్యాపారానికి వాడుకున్నారు. కానీ ఫిలేమోనుకు రాసిన ఉత్తరంలో ఒనేసిమును దాసుడి కంటే ఎక్కువగా, సహోదరుడిగా, తననే చేర్చుకున్నట్టు చేర్చుకోమన్నాడు, బాకీ ఏదైనా ఉంటే తన లెక్కలో రాసుకోమన్నాడు. క్రీస్తు నిజంగా మధ్యలో ఉన్న ఇంట్లో పాత వరస అలాగే కొనసాగడం ఇక కష్టం.

మన తెలుగు నేలకు ఈ పరీక్ష ఒంగోలులో ఎదురైంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లఫ్ 1866లో అక్కడికి వచ్చాడు. తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య, మాదిగ, అంతకు ముందే యోగసాధనలో దేవుణ్ణి వెతికినవాడు, బాప్తిస్మం తీసుకున్నాడు. అతని వెనక పల్లెలు కదిలాయి. పై కులాలవాళ్ళు కొందరు క్లఫ్‌తో స్నేహంగానే చెప్పారు: మాదిగలను చేర్చుకోవద్దు, మేం రావడానికి అడ్డవుతుంది. క్లఫ్ ఏం చేయాలో తోచక బైబిలు తెరిస్తే, దేవుడు లోకంలో వెర్రివాళ్ళనూ బలహీనులనూ ఎన్నుకున్నాడనే కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయం వచ్చిందని, పక్క గదిలో భార్య కూడా అదే భాగం తెరిచి ఉందని ఆయన జీవితకథలో ఉంది. ఆ సంఘటన మీద ఎవరి అభిప్రాయం వారిది. నిర్ణయం మాత్రం చరిత్ర. గౌరవం గల కులాలకు ఒక పర్ణశాల వేసుకుంటే ఆ రోజుల్లో మిషన్ పని ఎంత సులువయ్యేదో! వేసుకోలేదు.

ఆ తరవాత 1876-78 కరువు. క్లఫ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ కాలంలో బాప్తిస్మం కావాలని వచ్చినవాళ్ళను ఆపాడు. గింజల కోసం వచ్చినవాడెవడో, క్రీస్తు కోసం వచ్చినవాడెవడో తేలాలి కదా. పంచేది అయిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది తెలుగు బోధకులే. సంఖ్యను మనం గొప్పగా చెప్పుకుంటాం, ప్రసంగాల్లో వాడుకుంటాం. దానికి ముందున్న ఆ నిరీక్షణ, చేరికలు ఆపుకున్న ఆ నెలలు నాకు సంఖ్య కంటే పెద్దవిగా తోస్తాయి. సంఘం పెరుగుతుందని తెలిసి కూడా ఆగగలిగినవాడికి మధ్యలో ఎవరున్నారో తెలుసు.

అదే నేల మీద ఇవాళ పెళ్ళి ప్రకటనల్లో క్రైస్తవ అన్న మాట పక్కనే ఉపకులం పేరు కూడా అచ్చవుతోంది. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె, వియ్యం దగ్గర రెండు పంక్తులు. ఇంతకంటే దాని గురించి రాయాల్సిందేమీ లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఇదే సంగతి జర్మనీలో నెత్తుటితో రాశారు. 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే, జర్మన్ క్రైస్తవులనే పేరుతో అంతకు ముందే బయల్దేరిన ఒక వర్గం బాగా బలపడింది. వాళ్ళూ క్రీస్తును కాదనలేదు. ఆయన పక్కన జాతికి, రక్తానికి, నాయకుడికి పర్ణశాలలు వేశారు. యూదు సంతతి పాస్టర్లను వెళ్ళగొట్టాలన్నారు. మరుసటి ఏడాది మే నెలాఖరులో బార్మెన్ పట్టణంలో కొన్ని సంఘాల ప్రతినిధులు కూడి ఒక ప్రకటన చేశారు. దాని రచనలో ముఖ్యుడు కార్ల్ బార్త్. మొదటి అంశం సారాంశం ఇంతే: సంఘం వినవలసిన, లోబడవలసిన దేవుడి వాక్కు యేసుక్రీస్తు ఒక్కడే, ఆయనతో సమానంగా మరో మూలాన్ని పెట్టడం అబద్ధ బోధ. అయితే ఆ ప్రకటన యూదులపై జరుగుతున్న దౌర్జన్యం గురించి మాట్లాడలేదు. మధ్యస్థానాన్ని సిద్ధాంతంలో కాపాడి, దాని ఫలితాన్ని వీధిలో చెప్పకపోతే అది సగం పనే.

ఆ 1933 వేసవిలోనే బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఇరవై ఏడేళ్ళ డీట్రిక్ బోన్‌హోఫర్ క్రీస్తును గురించి ఉపన్యాసాలిచ్చాడు. ఆయన రాతప్రతి మిగల్లేదు. విద్యార్థులు రాసుకున్న నోట్సే మనకు దక్కింది. మనిషి బతుక్కి, చరిత్రకు, ప్రకృతికి క్రీస్తే మధ్య అన్నది ఆయన వాదన. పదకొండేళ్ళ తరవాత తేగెల్ జైలు నుంచి స్నేహితుడికి రాసిన ఉత్తరాల్లో ఆ మాటే ఇంకో పక్క నుంచి పట్టుకున్నాడు. మనుషులు తమ తెలివి, తమ బలం ఆగిపోయిన అంచు దగ్గర దేవుణ్ణి పిలుస్తారు, నాకైతే దేవుడి గురించి అంచుల్లో గాక బతుకు నడుమ మాట్లాడాలని ఉంది అన్న అర్థంలో రాశాడు. బలహీనతలో కాదు, బలంలో. చావు దగ్గరే కాదు, బతుకులో. బాంబుల కింద, ఉరి ఎప్పుడో తెలియని మనిషి రాసిన మాట అది. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్ శిబిరంలో ఆయన్ని ఉరితీశారు.

ఈ మాట మన ప్రార్థన కూడికల మీద పెట్టి చూస్తే గుచ్చుకుంటుంది. విన్నపాల చీటీలు పరీక్షలు, ఆపరేషన్లు, కోర్టు కేసులు, అప్పులతో నిండి ఉంటాయి. అవి రాయాల్సిందే. గుడ్డివాడైన బర్తిమయి కేకను ప్రభువు ఆపలేదు. కానీ ప్రమోషన్ వచ్చింది, చేతికింద పదిమంది వచ్చారు, వాళ్ళతో న్యాయంగా ఉండేలా ప్రార్థించండి అని రాసిన చీటీ ఎంత అరుదు! అమెరికా నుంచి కొడుకు డబ్బు పంపుతున్నాడు, దాన్ని ఎలా ఖర్చుపెట్టాలో ప్రభువు చెప్పాలి అన్న చీటీ? మనకు చేతకాని చోటుకల్లా ఆయన్ని పిలుస్తాం. చేతనైన చోట్లన్నీ మనవే. నడిమి గదికి మనం తాళం వేసుకుని ఆయనకు వరండా చూపిస్తున్నాం.

లవొదికయ అలాగే చేసింది. కొలొస్సయి ఉత్తరం నాలుగో అధ్యాయంలో పౌలు ఒక ఏర్పాటు రాశాడు: ఇది మీ దగ్గర చదివాక లవొదికయ సంఘంలో కూడా చదివించండి. అంటే ఆ పక్క ఊరివాళ్ళు కూడా ఆ కీర్తన విన్నారు. ప్రకటన గ్రంథం మూడో అధ్యాయంలో అదే లవొదికయకు మరో ఉత్తరం వస్తుంది, చాలామంది అంచనా ప్రకారం ముప్పై ఏళ్ళు దాటాక. అందులో దుర్బోధ ఊసే లేదు, హింస ఊసే లేదు. ధనం ఉంది, ఏ లోటూ లేదన్న తృప్తి ఉంది. ఆ సంఘం ఎవరినీ కాదన్నట్టు లేదు. క్రీస్తు మాత్రం తలుపు బయట నిలబడి తడుతున్నాడు. క్రైస్తవేతరులకు సువార్త చెప్పేటప్పుడు మనం ఈ బొమ్మనే వాడతాం, ఇళ్ళల్లో క్యాలెండర్ల మీద కూడా అదే బొమ్మ. ఆ తలుపు లోపల ఉన్నవాళ్ళు అన్యులు కారు. బాప్తిస్మం పొంది, ప్రతి ఆదివారం కూడుకుంటున్న సంఘం.

ఆ ఉత్తరంలో ఆయన అడిగినది కూడా పెద్దదేం కాదు. తలుపు తీస్తే లోపలికి వచ్చి కూర్చుని భోంచేస్తానన్నాడు. మహాసభ పెట్టమనలేదు, మందిరం పెంచమనలేదు. ఇంట్లో పీట అడిగాడు.

కొలొస్సయులకు రాసిన పత్రిక నాలుగు అధ్యాయాలు, 95 వచనాలు. బిగ్గరగా చదివినా పావుగంట పడుతుంది. ఈ వారం ఒక సాయంత్రం ఫోను పక్కన పెట్టి, ఇంటిల్లిపాదీ కూర్చుని, ముక్కలు చేయకుండా చదవండి. వంటమనిషి, డ్రైవరు, మీ పొలంలో కూలికి వచ్చేవాళ్ళు ఉంటే వాళ్ళనూ పిలవండి, కింద కాదు, పక్కన కూర్చోమనండి. నాలుగో అధ్యాయం మొదటి వచనానికి వచ్చేలోగా వాళ్ళకు ఇవ్వాల్సిన బాకీ ఏదైనా ఉంటే ఇచ్చేయండి.